రాడార్ డిటెక్టర్ - వందేళ్ళ దాగుడుమూతలు

అమెరికాలో కొత్తగా కారు కొన్న మన కుర్రాళ్ళకి మొదటి స్పీడింగ్ టికెట్ పడేవరకూ రాడార్ డిటెక్టర్ అనే వస్తువు ఒకటుందని తెలీదు. టికెట్ పడ్డాక మాత్రం వారం తిరక్కుండా ఎవడో ఒకడు సలహా ఇస్తాడు. "ఒరేయ్, నాలుగు డబ్బులు పడేసి ఓ డిటెక్టర్ కొనుక్కో. ఇన్సూరెన్స్ పెరిగే దాంతో పోలిస్తే అదెంత?" అని. నా రూమ్మేట్లలో ఇద్దరు కొన్నారు. నేను కొనలేదు. నీతీ నిజాయితీ లాంటి పెద్ద కారణాలేం లేవు లెండి. కొనేముందు అసలిది ఎలా పనిచేస్తుందో చూద్దామని కూర్చున్నాను, అక్కణ్ణించి దాని చరిత్రలోకి జారిపోయాను. ఆ చరిత్ర తెలిశాక కొనాలన్న కోరిక దానంతటదే చల్లారిపోయింది. అదే ఇక్కడ చెప్తాను.

నిజానికి ఈ కథ రాడార్ కంటే చాలా ముందే, ఇంగ్లండులో మొదలైంది. 1903లో వచ్చిన మోటార్ కార్ చట్టం ప్రకారం అక్కడ కార్ల వేగ పరిమితి గంటకి 20 మైళ్ళు. దాన్ని అమలు చెయ్యడానికి పోలీసుల దగ్గర ఉన్న టెక్నాలజీ ఏమిటంటే పొదలూ, స్టాప్‌వాచీ! రోడ్డు మీద కొంత దూరం కొలిచిపెట్టుకుని, పొదల చాటున నక్కి, కారు ఈ చివర నుంచి ఆ చివరకి ఎంతసేపట్లో వెళ్ళిందో లెక్క కట్టేవాళ్ళు. దీంతో ఒళ్ళు మండిన కొందరు కార్ల ఆసాములు 1905లో లండన్లో ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టారు. ఇప్పుడు దారిలో బండి ఆగిపోతే వచ్చి బాగుచేసే పెద్దమనుషుల సంస్థే ఇది. అప్పట్లో దాని ముఖ్యమైన పని, సైకిళ్ళ మీద మనుషుల్ని తిప్పుతూ "ముందు పోలీసులున్నారు, మెల్లగా పోండి" అని హెచ్చరించడం.

1910లో బెట్స్ వర్సెస్ స్టీవెన్స్ అనే కేసులో కోర్టు దీన్ని తప్పుపట్టింది. వేగంగా పోతున్నవాణ్ణి అలా హెచ్చరించడమంటే పోలీసు విధికి అడ్డు తగలడమే అంది. అప్పుడు అసోసియేషన్ వాళ్ళు వేసిన ఎత్తు ఉంది చూశారూ, నాకు భలే నచ్చింది. కారు మీద తమ బ్యాడ్జీ కనపడితే మామూలుగా వాళ్ళ మనిషి సల్యూట్ కొడతాడు. ఎప్పుడైనా కొట్టలేదనుకోండి, సభ్యుడు కారాపి "ఏమయ్యా, సల్యూట్ ఎందుకు కొట్టలేదు?" అని అడగాలి. అంటే ముందు పోలీసులున్నారన్నమాట! సల్యూట్ కొట్టినందుకు కాదు కదా, కొట్టనందుకు ఎవణ్ణి ఏ కోర్టు శిక్షిస్తుంది? మనం సర్వర్లకి పెట్టుకునే హార్ట్‌బీట్ కూడా ఇదే కదా. అంతా బాగున్నంతసేపూ సిగ్నల్ వస్తూ ఉంటుంది, ఆగిపోతే ఏదో తేడా. కంప్యూటర్లు పుట్టక ముందే సైకిల్ మీద తిరిగేవాళ్ళు దీన్ని వాడేశారు.

ఇహ రాడార్ సంగతికొస్తే, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కనెటికట్ రాష్ట్రం నార్వాక్‌లో ఆటోమేటిక్ సిగ్నల్ అనే కంపెనీ ఉండేది. కేటలీనా అనే విమానాలు నేల మీద దిగేటప్పుడు చక్రాల గేరు దెబ్బతింటోంది, విమానం ఎంత వేగంగా కిందకి దిగుతోందో కొలిచే దారి చూడండి అని గ్రమ్మన్ విమాన కంపెనీ వీళ్ళని అడిగింది. జాన్ బార్కర్, బెన్ మిడ్‌లాక్ అనే ఇద్దరు కాఫీ డబ్బాలకి సోల్డరింగ్ చేసి ఓ డాప్లర్ రాడార్ తయారుచేశారు. నిజంగానే కాఫీ డబ్బాలు! రన్‌వే చివర దాన్ని ఆకాశం వైపు తిప్పి పెట్టారు. యుద్ధం అయిపోయాక అదే యంత్రం రోడ్డు వైపు తిరిగింది. 1947లో కనెటికట్ పోలీసులు గ్లాస్టన్‌బరీ అనే ఊళ్ళో దాన్ని పరీక్షించారు. మొదట్లో వాహనాల సర్వేకీ, హెచ్చరికలకీ వాడి, 1949 ఫిబ్రవరి నుంచి టికెట్లు రాయడం మొదలుపెట్టారు.

ఇంజినీరింగ్‌లో ఫిజిక్స్ చదివినవాళ్ళకి డాప్లర్ గుర్తుండే ఉంటుంది (పరీక్ష అయిపోగానే మర్చిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నా). 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పినది ఇది: తరంగం వచ్చే వస్తువు మనవైపు కదులుతుంటే ఫ్రీక్వెన్సీ పెరిగినట్టు కనిపిస్తుంది, దూరం జరుగుతుంటే తగ్గినట్టు కనిపిస్తుంది. పోలీసు రాడార్ ఒక తరంగం పంపుతుంది, కారుకి కొట్టుకుని వెనక్కొచ్చినదాన్ని వింటుంది, రెంటికీ తేడా చూస్తుంది. పాత ఎక్స్ బ్యాండ్ రాడార్ ఫ్రీక్వెన్సీ 10.525 గిగాహెర్ట్జ్. మన లెక్కలో సెకనుకి 1052 కోట్ల 50 లక్షల సార్లు. గంటకి 60 మైళ్ళ వేగంతో ఎదురొచ్చే కారు వల్ల దీంట్లో వచ్చే తేడా సుమారు 1880. వెయ్యి కోట్లకి పైగా ఉన్నదాంట్లో పద్దెనిమిది వందల తేడా పట్టుకోవడం గొప్పే అనిపిస్తుంది గానీ, పంపినదాన్నీ వచ్చినదాన్నీ కలిపితే ఆ తేడా ఒక్కటే చెవికి వినపడే ధ్వనిలా బయటికొస్తుంది. దాన్ని లెక్కపెడితే చాలు.

ఇక్కడే డిటెక్టర్ ప్రాణం ఉంది. పోలీసు తరంగం కారు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావాలి. డిటెక్టర్‌కి అది ఒక వైపు చేరితే చాలు. దూరం రెట్టింపైతే ఒక వైపు వచ్చే బలం నాలుగో వంతుకి తగ్గుతుంది, రానూ పోనూ కలిపితే పదహారో వంతుకి పడిపోతుంది. చీకట్లో టార్చిలైటు వేసుకుని తోటలో దొంగని వెతుకుతున్న కాపలావాణ్ణి ఊహించుకోండి. వాడికి ఆ వెలుతురులో యాభై గజాల అవతల ఏముందో కనపడదు. కానీ ఆ టార్చి మాత్రం కిలోమీటరు దూరం నుంచి దొంగకి కనపడుతూనే ఉంటుంది. పోలీసుకి మన వేగం తెలియకముందే మనకి పోలీసు తెలుస్తాడు. ఈ ఒక్క సూత్రం మీదే ఓ పరిశ్రమ మొత్తం నడిచింది.

1960ల మొదట్లోనే రాడార్ సెంట్రీ లాంటి చిన్న డిటెక్టర్లు అమ్మారు. అయితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వాటికి గిరాకీ తెచ్చింది ఎవరంటే అరబ్బు దేశాలూ, నిక్సనూ! 1973లో చమురు సరఫరా ఆగి పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టాక, 1974 జనవరి 2న నిక్సన్ ఓ చట్టం మీద సంతకం పెట్టాడు. దేశం మొత్తం మీద గరిష్ఠ వేగం 55 మైళ్ళు, అంటే గంటకి 88 కిలోమీటర్లు. ఒప్పుకోని రాష్ట్రాలకి హైవే నిధులు కట్. 70, 75 మైళ్ళ వేగంతో పోయేవాళ్ళని ఉన్నట్టుండి 55కి దింపారు. పడమటి రాష్ట్రాల్లో, చూపానినంత దూరం ఒక్క ఇల్లు కూడా లేని తిన్నని రోడ్ల మీద 55లో పోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. మోంటానా రాష్ట్రమైతే చట్టాన్ని ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, పగటి పూట 55 దాటినవాళ్ళకి ఇంధనం వృథా చేసినందుకని 5 డాలర్లు జరిమానా వేసి పంపించేది. కేంద్రం మాట విన్నట్టూ ఉండాలి, విననట్టూ ఉండాలి. మన రాష్ట్రాలకి ఇలాంటి తెలివి కొత్తేం కాదు గనక నాకు చదువుతుంటే నవ్వొచ్చింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. 1973లో అమెరికా రోడ్ల మీద సుమారు 54 వేల మంది చనిపోతే 1974లో ఆ సంఖ్య 45 వేలకి దిగింది. పెట్రోలు లేక జనం తిరగడం తగ్గించడం కూడా ఒక కారణమే గానీ, వేగం తగ్గడానికి పాత్రే లేదని అనడం మొండితనం. డిటెక్టర్ల గురించి రాసే కార్ల ప్రేమికులు చాలామంది ఈ అంకె దగ్గరికి రాగానే సబ్జెక్టు మార్చేస్తారు.

ఆ చట్టంతో దేశం మొత్తం చట్టాన్ని మీరేవాళ్ళతో నిండిపోయింది. మైళ్ళ లెక్కన డబ్బు సంపాదించే ట్రక్కు డ్రైవర్లు సీబీ రేడియోలు పెట్టుకుని పోలీసులు ఎక్కడున్నారో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే ఒహాయోలో డేల్ స్మిత్ అనే ఆయన కంపెనీ ఎలెక్ట్రోలర్ట్, ఫజ్‌బస్టర్ అనే డిటెక్టర్ని తెచ్చింది. ఫజ్ అంటే అప్పటి వీధి భాషలో పోలీసు. మన దగ్గర వాషింగ్ పౌడర్ ఏదైనా సర్ఫ్ అయినట్టు, అమెరికాలో ఏ కంపెనీ డిటెక్టర్ అయినా కొన్నేళ్ళపాటు ఫజ్‌బస్టరే.

1978లో ఇంకో మలుపు. సిన్సినాటీలో జిమ్ జేగర్, మైక్ వాలెంటైన్ అనే ఇద్దరు కుర్ర ఇంజినీర్లు ఎస్కార్ట్ అనే డిటెక్టర్ చేశారు. అంతకుముందు డిటెక్టర్లు యాంటెన్నాకి వచ్చినదాన్ని నేరుగా డయోడుతో పట్టేవి. వీళ్ళు మామూలు రేడియోల్లో ఉండే సూపర్‌హెటరోడైన్ పద్ధతి వాడారు. డిటెక్టర్లోనే ఓ చిన్న ఆసిలేటర్ పెట్టి, వచ్చే సిగ్నల్‌ని దాంతో కలిపి, తక్కువ ఫ్రీక్వెన్సీకి దింపి వినడం. దీంతో డిటెక్టర్ చెవి ఎన్నో రెట్లు పదునెక్కింది. ఖరీదు రెండొందల యాభై డాలర్ల దాకా, ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు. షాపుల్లో దొరకదు, పత్రికలో ప్రకటన చూసి పోస్టులో తెప్పించుకోవాలి. అయినా జనం ఎగబడి కొన్నారు. తర్వాత స్నేహితులిద్దరూ విడిపోయారు. వాలెంటైన్ వేరే కంపెనీ పెట్టి 1990ల మొదట్లో వాలెంటైన్ వన్ అనే డిటెక్టర్ తెచ్చాడు. ముందో యాంటెన్నా, వెనకో యాంటెన్నా, రాడార్ ఎటువైపుందో చూపించే బాణం గుర్తులు. ఆ పాత కంపెనీ 1997లో దివాలా తీసింది, ఎస్కార్ట్ పేరు మాత్రం చేతులు మారి ఇప్పటికీ బతికే ఉంది.

పోలీసు రాడార్ తప్పే చెప్పదు అనుకునేవాళ్ళ కోసం ఓ చిన్న ముచ్చట. 1979లో మయామీలో ఓ టీవీ విలేఖరి రాడార్ గన్నుతో కొలిపించి చూపిస్తే ఓ ఈతజాతి చెట్టు గంటకి 86 మైళ్ళ వేగంతో పోతోందని తేలింది. ఓ ఇల్లు 28 మైళ్ళ వేగంతో వెళ్తోంది! ఆ ఏడే అక్కడి జడ్జి ఒకాయన రాడార్ కేసుల్ని పెద్ద ఎత్తున విచారించి, ఆ సాక్ష్యం నమ్మదగ్గది కాదని తీర్పిచ్చాడు. తర్వాత గన్నులు బాగుపడ్డాయనుకోండి. కానీ అప్పట్లో డిటెక్టర్ కొన్నవాళ్ళందర్నీ నేరగాళ్ళుగా చూడటం న్యాయం కాదని చెప్పడానికి ఈ సంగతి చాలు.

పోలీసులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. ముందు కె బ్యాండ్‌కి, తర్వాత కెఎ బ్యాండ్‌కి మారారు. అన్నిటికన్నా తెలివైన ఎత్తు మాత్రం ఫ్రీక్వెన్సీ మార్చడం కాదు, స్విచ్చి! టార్చిలైటు ఎప్పుడూ వెలిగించి ఉంచితేనే కదా దొంగ చూసేది? కారు బాగా దగ్గరికొచ్చేదాకా ఆర్పి ఉంచి, ఒక్క క్షణం వెలిగిస్తే? ఇన్‌స్టంట్-ఆన్ అంటే అదే. డిటెక్టర్ "కుయ్"మనే లోపు మీ వేగం పోలీసు చేతిలో ఉంటుంది. ఇలాంటి రాడార్ మీద డిటెక్టర్ పనిచెయ్యాలంటే ఒకటే దారి. మీకంటే ముందు పోతున్న ఇంకొకడి మీద పోలీసు రాడార్ వెయ్యాలి, ఆ చెదిరిన తరంగం మీకు అందాలి. అంటే ఎదుటివాడి దురదృష్టం మీద మన అదృష్టం ఆధారపడి ఉంటుందన్నమాట. అర్ధరాత్రి ఖాళీ హైవే మీద, అంటే కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కే సమయానికి సరిగ్గా, ముందు ఎవరూ ఉండరు. నా రూమ్మేట్ తన డిటెక్టర్ చూసుకుని ధీమాగా ఉండేది ఆ సమయంలోనే. అసలు పనికిరానిదీ ఆ సమయంలోనే.

ఇంకో తమాషా. సూపర్‌హెటరోడైన్ డిటెక్టర్లో ఓ ఆసిలేటర్ ఉంటుందని చెప్పాను కదా. అది కూడా ట్రాన్స్‌మిటరే, ఎంతో కొంత బయటికి కారుతుంది. వీజీ-2 అనే పరికరంతో పోలీసులు ఆ కారే సిగ్నల్‌ని వినడం మొదలుపెట్టారు. అంటే డిటెక్టర్‌కి డిటెక్టర్! దాన్ని కనిపెట్టే డిటెక్టర్లు కూడా వచ్చాయి. ఈ గొలుసు ఎక్కడ ఆగుతుందో అనుకుంటుంటే గొడవ ఆకాశానికెక్కింది. చవక డిటెక్టర్ల నుంచి కారే సిగ్నళ్ళు వ్యాపార సంస్థల చిన్న శాటిలైట్ డిష్‌లకి అడ్డు తగులుతున్నాయని ఫిర్యాదులొచ్చి, 2002లో ఎఫ్.సి.సి. డిటెక్టర్ల మీద కూడా రేడియో ఉద్గారాల పరిమితి పెట్టింది. దొంగచాటుగా వినడానికి పెట్టుకున్న చెవి, తనే అరుస్తోందని కేసన్నమాట.

ఈ ఆటకి దాదాపు ముగింపు పలికింది మాత్రం 1990ల మొదట్లో వచ్చిన లేజర్ గన్ను. దీంట్లో డాప్లర్ లేదు. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ మెరుపుల్ని వరసగా పంపి, ఒక్కోటి వెళ్ళిరావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కేసి, ఆ దూరం ఎంత త్వరగా తగ్గుతోందో చూస్తుంది. అర సెకను కూడా పట్టదు. 300 మీటర్ల దూరంలో రాడార్ కిరణం అరవై మీటర్ల వెడల్పున పరుచుకుంటే, లేజర్ మీటరు చుట్టుపక్కలే ఉంటుంది. పక్క కారు మీద పడ్డది మీకు తెలిసే అవకాశం చాలా తక్కువ. మీ డిటెక్టర్ మోగిందీ అంటే కొలవడం అయిపోయిందనే అర్థం. అప్పుడది డిటెక్టర్ కాదు, కాలింగ్ బెల్లు.

మన హైదరాబాదులో వాడదామని సూట్‌కేసులో పెట్టుకు పోదామనుకునే వాళ్ళకి కూడా ఇదే జవాబు. అక్కడ ట్రాఫిక్ పోలీసులు ఎక్కువగా వాడేవి లేజర్ గన్నులూ, కెమెరాలూ. మా బావ అడిగితే ఇదే చెప్పాను. నమ్మలేదు, పిసినారి వెధవ తేవడం ఇష్టంలేక చెప్తున్నాడనుకున్నాడు.

ఇక చట్టం సంగతి. అమెరికాలో మామూలు కార్లలో డిటెక్టర్ చాలా రాష్ట్రాల్లో తప్పు కాదు. గాల్లో ఉన్న సిగ్నల్‌ని వినడం పౌరుడి హక్కు అనే వాదన బలంగా నిలబడింది. ఎదురు సిగ్నల్ పంపి రాడార్‌ని చెడగొట్టే జామర్లు వేరే విషయం, అవి కేంద్ర చట్టం ప్రకారమే నేరం. పెద్ద వాణిజ్య వాహనాల్లో 1994 నుంచి డిటెక్టర్లు నిషేధం. కార్లలో నిషేధం ఉన్నది వర్జీనియా రాష్ట్రంలోనూ, వాషింగ్టన్ డీసీలోనూ. న్యూజెర్సీ నుంచి నార్త్ కెరొలినాకి ఐ-95 మీద పోయే మనవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చదవండి. వర్జీనియాలో 85 మైళ్ళు దాటినా, పరిమితి కంటే 20 ఎక్కువ పోయినా అది మామూలు టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్. క్లాస్ 1 మిస్‌డిమీనర్. ఏడాది దాకా జైలు, 2500 డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. అందరికీ జైలు వెయ్యరు, నిజమే. కానీ వీసా ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా, నేరం రుజువైందా" అనే ప్రశ్న ఉంటుంది. స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు కౌంటర్ ముందు నిలబడి దానికి జవాబు చెప్పాల్సింది డిటెక్టర్ కాదు, మీరు. అమెరికన్ పౌరుడికి రెండొందల డాలర్ల వ్యవహారం మనకి ఉద్యోగం, ఇల్లూ వాకిలీ వ్యవహారం కావొచ్చు. ఈ తేడా డిటెక్టర్ కొనుక్కోమని సలహా ఇచ్చే ఆఫీసు కొలీగ్‌కి తట్టదు, తప్పు వాడిది కాదు.

డిటెక్టర్ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. టికెట్లన్నీ ప్రాణాలు కాపాడ్డానికే రాస్తారనుకుంటే అమాయకత్వం. ఒహాయోలో కొలంబస్ పక్కన న్యూ రోమ్ అని ఓ ఊరుండేది. 2000 జనాభా లెక్కల్లో దాని జనాభా 60. పెద్ద రోడ్డు మీద పరిమితి 45 నుంచి హఠాత్తుగా 35కి పడిపోయేచోట కాపు కాసి, టికెట్ల డబ్బుతోనే ఊరి ప్రభుత్వం నడిపేవాళ్ళు. చివరికి 2004లో కోర్టు ఆ ఊరినే రద్దు చేసింది. ఇలాంటి ఊళ్ళు దాటుకుని రోజూ వందల మైళ్ళు తిరిగే సేల్స్ ఉద్యోగి దగ్గర డిటెక్టర్ ఉందంటే నేనేమీ అనను.

కానీ ఆ 55 మైళ్ళ చట్టాన్ని 1987లో కొంత సడలించారు, 1995లో పూర్తిగా ఎత్తేశారు. డిటెక్టర్ ఎదిగింది జనం నమ్మని ఓ చట్టం నీడలో. ఇప్పుడు చాలాచోట్ల హైవే పరిమితి 65 నుంచి 75, కొన్నిచోట్ల 80 కూడా. 25 మైళ్ళ దూరం ఆఫీసుకి పోయేవాడు 65 బదులు 75లో పోతే మిగిలేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల కోసం కారు మోసుకెళ్ళే గుద్దుడు శక్తి మూడో వంతు పెరుగుతుంది. 300 మైళ్ళ ప్రయాణంలో అయితే 37 నిమిషాలు మిగులుతాయి, కాదనను. మధ్యలో కాఫీకి ఆగితే అవీ పోతాయి.

పైగా రోడ్ల మీద తిరిగే చాలా కార్లలో పక్క లేన్ చూసే రాడార్లు 24 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. పోలీసు కె బ్యాండ్ ఉండేదీ అక్కడే. సూపర్ మార్కెట్ ఆటోమేటిక్ తలుపులదీ అదే గోల. మా వాడి కార్లో అరగంట కూర్చుంటే ఎన్నిసార్లు మోగుతుందో లెక్కపెట్టడం మానేశాను. "నాన్నా పులి" కథలో కుర్రాడిలాగా రోజంతా అరిచి, నిజంగా పులి వచ్చిన రోజున వీడు దాని నోరు నొక్కి పెట్టి ఉంటాడు. ఖరీదైనవి జీపీఎస్‌తో ఈ దొంగ కూతల్ని వడపోస్తాయి, కానీ వాటి ధరలో కొన్ని టికెట్లు కట్టుకోవచ్చు. కాబట్టి ఇంటికీ ఆఫీసుకీ మధ్య తిరిగే మామూలు డ్రైవర్‌కి డిటెక్టర్ దండగే.

ఇప్పుడు దాని పనిలో సగం ఫోనే ఊరికే చేసిపెడుతోంది. 2008లో ఇజ్రాయెల్లో మొదలైన వేజ్ యాప్‌ని 2013లో గూగుల్ కొంది. ముందు వెళ్ళినవాడు పోలీసుని చూసి మీట నొక్కితే వెనక వచ్చేవాడికి తెలుస్తుంది. పోలీసు వాడింది రాడారో, లేజరో, పొదలూ స్టాప్‌వాచీయో, దీనికి అనవసరం. 1905లో సైకిల్ తొక్కిన మనిషే మళ్ళీ ఫోన్లోకి వచ్చి కూర్చున్నాడు. 1910 నాటి గొడవ కూడా వెనకే వచ్చింది. 2019 ఫిబ్రవరిలో న్యూయార్క్ పోలీసు శాఖ, తాగి నడిపేవాళ్ళని పట్టుకునే చెక్‌పాయింట్లని చూపించడం ఆపమని గూగుల్‌కి లేఖ రాసింది. ఈ విషయంలో నేను పోలీసుల పక్షమే. ముందు రాడార్ ఉందని చెప్తే వేగంగా పోయేవాడు కనీసం ఆ మైలు దూరమైనా మెల్లగా పోతాడు. ముందు చెక్‌పాయింట్ ఉందని చెప్తే తాగినవాడికి మత్తు దిగదు, సందులోకి తిప్పుకుంటాడంతే.